నా బేరం నాకు తెలియని భాషలో

చింతాద్రిపేటలో ఒక ఇరుకు సందు. కింద మోటారు పంపులు అమ్మే కొట్టు, పైన ఇళ్ళకు ఆయాలను పంపే ఏజెన్సీ. మెట్లెక్కి లోపలికి అడుగుపెట్టగానే అక్కడి ఆవిడ నన్ను గొంతుక్కూర్చోమంది. కూర్చున్నాను. లెమ్మంది. లేచాను. అలా పదిసార్లు చేయించింది. తరవాత నా అరచేతులు తిప్పి చూసింది, గోళ్ళు చూసింది, ఆఖరికి నోరు తెరవమంది. మా వైపు సంతల్లో ఎద్దును కొనే మనిషి దాని పళ్ళు చూస్తాడు. ఆ ఎద్దుకు ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

"వక్కా ఆకూ నమిలే అలవాటు ఉండాదా అని చూస్తిని మా," అంది ఆవిడ. "ఇండ్లల్లో ఆ వాసన ఒప్పుకోరు. నీ మోకాళ్ళు బాగుండాయి. మనుషుల్ని ఎత్తాల గదా."

ఆ మాటలు తెలుగులో వచ్చేసరికి నోరు తెరిపించిన సంగతి అక్కడికక్కడే మరిచిపోయాను. చెన్నై వచ్చి నాలుగు నెలలైంది. బస్సులో గానీ, కూరల కొట్లో గానీ, గది ఇచ్చిన ఇంటివాళ్ళ దగ్గర గానీ నా మాట ఒక్కరికీ అర్థం కాలేదు. ఈవిడ మాట యాస వేరైనా తెలుగు తెలుగే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కా అన్నాను. నా ఆధార్ కార్డు అసలుది ఆవిడ చేతిలో పెట్టి, పెట్టమన్నచోట సంతకం పెట్టి వచ్చాను. కాగితం మీద ఏముందో చదవలేదు. అది తమిళంలో ఉంది.

నేను శ్రీకాకుళం వైపు మనిషిని. ఇంటర్ వరకు చదివి, అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్ళు ఆయాగా చేశాను. మా ఆయనకు అంబత్తూరు ఎస్టేట్‌లో వెల్డింగ్ పని దొరికితే ఆయన వెనక వచ్చాను. వచ్చిన రెండు నెలలకే ఆర్డర్లు లేవని ఆ షెడ్డు మూసేశారు. ఇంకో చోట పిలుస్తామన్నారు, పిలవలేదు. గది అద్దె మాత్రం నెలనెలా పిలిచేది.

రెండు రోజుల తరవాత ఏజెన్సీ అక్క ఫోన్ చేసి పెరంబూరు రమ్మంది. అంబత్తూరులో లోకల్ రైలెక్కి దిగితే స్టేషన్ బయట ఆటోలో కూర్చుని ఉంది. దారిలో పని చెప్పింది. ఎనభై ఏళ్ళ పెద్దావిడ, పక్షవాతం వచ్చి కుడివైపు సగం పడిపోయింది, తుంటి ఎముక కూడా విరిగింది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా అన్నీ మంచం మీదే చెయ్యాలి. కొడుకు హోల్‌సేల్ వ్యాపారం చేస్తాడు. కోడలు ఇంట్లోనే ఉంటుంది.

మేడ మీద ఇల్లు. హాల్లో సోఫాలున్నాయి గానీ నన్ను వాషింగ్ మెషీన్ పక్కన నిలబెట్టారు. కొడుకు బల్ల దగ్గర దోసెలు తింటున్నాడు. కోడలు నైటీలో, చేతిలో ఫోన్‌తో సోఫా అంచున కూర్చుంది. ఏజెన్సీ అక్క ఎదురుగా కూర్చుని తమిళంలో మొదలుపెట్టింది. నాకు తెలిసిన మాట ఒక్కటే వినబడింది, ఆంధ్రా అని. మధ్యమధ్య గడ్డం ఎత్తి నన్ను చూపించింది. కోడలు నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి ఏదో అంది. ముగ్గురూ నవ్వారు. కొడుకు ఎడమ చేతి వేళ్ళు ఆడించాడు. ఏజెన్సీ అక్క నుదురు కొట్టుకుంది. నా గురించే అంతా జరుగుతోంది, నాకు మాత్రం ఒక్క ముక్క దిగడం లేదు. నవ్వినప్పుడు నేనూ నవ్వాలా అని ఆలోచించాను. నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మొహం నాకే చూడబుద్ధి కాదు.

కాసేపటికి అక్క నా వైపు తిరిగింది. మాట ముందు ఊతపదంగా ‘వచ్చి’ అనడం ఇక్కడి తెలుగువాళ్ళ అలవాటు.

"వచ్చి, వీళ్ళు శానా తక్కువ చెప్తా ఉండారు మా. నీ కోసం ఎంత కొట్లాడతా ఉండానో చూస్తివి గదా. దినానికి ఏడొందలు అడగనా?"

నాకు భయం వేసింది. ఎక్కువ అడిగితే పని పోతుందని.

"అక్కా, ఏడొందలంటే ఒద్దంటారేమో. ఐదొందలిచ్చినా సేస్తాను," అన్నాను. "మా ఆయనకి రెండు నెలలు బట్టి పని లేదు. గది అద్దె కట్నేదు. ఈ పని పోతే మాకింక గతి లేదక్కా. నీ కాళ్ళట్టుకుంటాను."

అలా పరాయివాళ్ళ ఇంట్లో నిలబడి గతి లేదని చెప్పుకోవడానికి నేను సిగ్గుపడలేదు. వాళ్ళకు తెలియదు కదా, మా ఇద్దరి మధ్య మాటే కదా అనుకున్నాను. కోడలి బొటనవేలు ఫోన్ మీద ఆగింది. మొగుడి వైపు ఒక్కసారి చూసింది. ఆయన నోట్లో దోసె ముక్క నమలడం ఆపాడు. తెలియని భాషలో ఏడుస్తున్నానని చూస్తున్నారనుకున్నాను. మళ్ళీ తమిళంలో నాలుగు మాటలు. ఈసారి ఏజెన్సీ అక్క మొహం మాడింది. చివరికి నాతో, "ఐదొందల యాభైకి ఒప్పించినా. పో, చేతులు కడుక్కోని లోపలికి పో," అంది.

నేను ఆవిడకు దణ్ణం పెట్టాను. వాళ్ళిద్దరికీ కూడా పెట్టాను.

పెద్దావిడ గది హాలు వెనకే ఉంది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఆమె మనిషి చిన్నది, ఎముకల మూట. మాట ముద్దగా వచ్చేది గానీ వచ్చేది. ఆ మాట తమిళం. నేను ఒక్కొక్క మాటా పట్టుకున్నాను. తణ్ణి అంటే నీళ్ళు. వలి అంటే నొప్పి. పోదుం అంటే చాలు. మిగతాది సైగలే. కోడలు నాకు రోజుకు రెండు డైపర్లు లెక్కపెట్టి ఇచ్చేది. మూడోది అడిగితే పాత చీర ముక్కలు చూపించేది. నా పళ్ళెం, గ్లాసు బాల్కనీలో చీపురు పక్కన ఉండేవి.

మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం పెద్దావిడ "ఈరం, ఈరం" అంది. నాకు తెలియని మాట. ఎవరినో పేరు పెట్టి పిలుస్తోందనుకున్నాను. నీళ్ళిచ్చాను. తల అడ్డంగా ఊపింది. చలేమోనని దుప్పటి కప్పాను. "ఈరం" అంటూనే ఉంది. డైపర్ మార్చి అరగంటే అయింది కాబట్టి ఆ అనుమానమే రాలేదు. హాల్లో ఉన్న కోడలిని పిలిస్తే చెయ్యి ఊపి పొమ్మంది. రెండు గంటల తరవాత పక్కకు తిప్పితే తెలిసింది. డైపర్ పక్కకు జారి, దుప్పటి కింద పరుపు దాకా నానిపోయి ఉంది. ఈరం అంటే తడి. ఆ రెండు గంటలూ ఆమె దానిలోనే పడుకుంది. తుంటి దగ్గర చర్మం ఎర్రబడింది. తరవాత అదే పుండైంది. భాష రాకపోవడం వల్ల ఒక మనిషికి పుండు తెచ్చానని ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆ తప్పు బరువు దించుకోవడానికో ఏమో, పని చేస్తున్నంతసేపూ ఆమెతో తెలుగులో మాట్లాడడం మొదలుపెట్టాను. అర్థం కాదనే ధీమా. ఒళ్ళు తుడుస్తూ ఆమె కోడలిని తిట్టేదాన్ని. "డైపర్లు లెక్కెట్టే పీనాసి మొకం, రేపు నీకూ ఇదే గతి" అనేదాన్ని. కొడుకును కూడా వదల్లేదు. ఆమె కళ్ళు మూసుకుని పడుకునేది. గోడతో చెప్పుకున్నట్టే ఉండేది.

కింది వాటాలో ఒక ముసలాయనను చూసుకునే తమిళ ఆవిడ ఉండేది. నా వయసే. మధ్యాహ్నం రోగులు నిద్రపోయాక మెట్ల మీద కూర్చునేవాళ్ళం. ఆమె పులిహోర నాకు, నా పప్పు ఆమెకు. ఆమె తమిళంలో చెప్పేది, నేను తెలుగులో చెప్పేదాన్ని, ఇద్దరం తలలూపేవాళ్ళం. ఒకరోజు మెట్టు మీది దుమ్ములో వేలితో 1000 అని రాసి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. రోజు కూలి. ఎంతని నన్ను చూపించింది. దాని కింద 550 అని రాశాను. తప్పు రాశానేమోనని ఆమె చెరిపేసి మళ్ళీ నా వేలు పట్టుకుని రాయించింది. మళ్ళీ అదే రాశాను. ఆమె లేచి నిలబడింది. ఏజెంటా, అని అడిగింది. అవునన్నాను. మెట్ల పక్కకు వంగి ఉమ్మేసింది. తనకు మధ్యలో ఎవరూ లేరని చేతులతో చూపించింది. అంకెలు అన్ని భాషల్లోనూ ఒకటే కాబట్టి, నా నష్టం నాకు తమిళం రాకుండానే తెలిసింది.

అయిదో వారంలో ఒక పగలు కోడలు పెళ్ళి బట్టలు కొనడానికి టీ నగర్ వెళ్ళింది. ఇంట్లో నేనూ పెద్దావిడా మాత్రమే. తుంటి మీది పుండు కడుగుతున్నాను. అది అప్పటికి రూపాయి బిళ్ళంత అయింది. మందు పెడితే మనిషి బిగుసుకుపోయింది గానీ అరవలేదు.

"ఇంత పుండెట్టుకుని నోరెత్తదేటి ఈవిడ," అని గొణుక్కున్నాను.

"ఎత్తొద్దన్యారు గదా పాపా," అంది ఆమె.

చేతిలోని దూది కింద పడింది. నా చెవులే మోసం చేశాయనుకున్నాను. మంచం చుట్టూ తిరిగి ఆమె మొహం చూశాను. కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది.

"మీకు తెలుగొచ్చా?"

"రాకేం? మా నాయన, మా తాత, అందరిదీ తెలుగే. నా మొగుడిదీ తెలుగే. ఈ ఇంట్లో అందరికీ వస్తాది. బయట అరవం, లోపల తెలుగు. నువ్వు వచ్చినాక లోపల కూడా అరవమే."

"ఎందుకండీ?"

"కోడలు చెప్పినాది. ఆయా కాడ తెలుగులో మాట్లాడొద్దు అత్తా, మాట్లాడితే ఒరుసుకోని కూర్చుంటాది, చనువు తీసుకుంటాది, సంబళం ఎక్కువ అడుగుతాది అని. మావాడూ సరే అన్యాడు."

ఊపిరి తీసుకోవడానికి ఆగింది. తరవాత తనే మొదలుపెట్టింది. దాచుకున్న మాటలు బయటపడుతుంటే ఆమెకు హాయిగా ఉన్నట్టుంది.

"నువ్వు వచ్చిన దినం ఆ ఏజెంటు వెయ్యి చెప్పినాది. మావాడు సరే అనేసినాడు. ఆడనే అయిపోయేది బేరం. నువ్వు ఐదొందలకైనా చేస్తా, గతి లేదు అని ఏడిస్తివి చూడు, అప్పుడు కోడలు అన్యాది, అదే ఐదొందలు అంటా ఉంటే వెయ్యెందుకు అని. ఏడొందల యాభైకి దించినారు. దాంట్లో ఆ ఏజెంటు రెండొందలు తీసుకుంటాది. నేను ఈడ పడుకోని అంతా వింటా ఉండాను."

నా ధర నేనే తగ్గించుకున్నాను. నా గతిలేనితనం మొత్తం వాళ్ళు వాళ్ళ భాషలోనే, మా భాషలోనే విన్నారు. విని, అర్థం కానట్టు మొహం పెట్టి, దాన్ని రెండొందల యాభై రూపాయలకు మార్చుకున్నారు.

"మరి ఆ దినం ఈరం ఈరం అన్నారు కదా," అన్నాను. "తడి అని ఒక్క మాట అనుంటే ఈ పుండు వచ్చునా?"

"నోటిదాకా వచ్చినాది. కోడలు హాల్లో ఉండాది గదా."

కూలి పెరుగుతుందన్న భయంతో తల్లి నోట్లోంచి తడి అన్న మాటను లాగేసుకున్నారు. ఆ తల్లి రెండు గంటలు ఉచ్చలో పడుకుని మాట నిలబెట్టుకుంది.

"నీ తిట్లు కూడా విన్యాలే," అంది పెద్దావిడ. సగం మొహంతో నవ్వింది. "పీనాసి అన్యావు చూడు, అది మాత్రం నిజం."

ఆ నవ్వు చూసి అక్కణ్ణుంచి పరిగెత్తాను. ఆసుపత్రిలో ఆరేళ్ళు చేశాను. పురుగులు పట్టిన కాళ్ళు కడిగాను, రక్తపు వాంతులు చేత్తో ఎత్తాను. ఎన్నడూ ఓకరింత రాలేదు. ఆ రోజు ఆ ఇంటి బాత్‌రూంలో పొద్దున తిన్నదంతా కక్కాను. ఆమె మీద జాలి పడాలని తెలుసు. పడలేకపోయాను. ఐదు వారాలు నేను ఒళ్ళు కడుగుతుంటే నా మాటలు దొంగచాటుగా విన్న మనిషి ఆమె.

మర్నాడు పనికి వచ్చే ముందే ఏజెన్సీ అక్కకు ఫోన్ చేశాను.

"వాళ్ళకి తెలుగొచ్చని నీకు తెలుసా?"

"తెలుసు మా. దానికేందిప్పుడు?"

"నాకెందుకు సెప్పలేదు?"

"నేను నిన్ను ఏడవమని చెప్తినా? బేరం జరిగేటప్పుడు నోరు మూసుకోని ఉండాల. నీ వల్ల నాకు కూడా నష్టమే. వెయ్యిలో నాలుగొందలు నాకు రావాల్సింది. అడ్జస్ట్ చేసుకో మా."

అంటే వెయ్యి ఇచ్చి ఉన్నా నాకు ఆరొందలే. నా నోటి తొందర వల్ల తనకు నష్టం వచ్చిందని ఆవిడ నిజంగానే బాధపడుతోంది. ఆ బాధ వింటుంటే ఫోన్ చెవికి అంటుకున్నట్టు జిడ్డుగా అనిపించి, పైటతో తుడుచుకున్నాను.

నేరుగా అడగాలని నిర్ణయించుకున్నాను. తెలుగులో అడిగితే మళ్ళీ ఏడుస్తానేమోనని భయం. అందుకే మెట్ల మీది స్నేహితురాలి దగ్గర ఒక్క వాక్యం నేర్చుకున్నాను. రోజుకు వెయ్యి, ఏజెంటు వద్దు. తమిళంలో అది నాలుగైదు మాటలు. నేను అనేది, ఆమె దిద్దేది. ముక్కుతో పలకాల్సినచోట పలకలేక ఇద్దరం నవ్వుకున్నాం. రెండు రోజులు బట్టలు ఉతుకుతూ, రైల్లో నిలబడి, ఆ వాక్యమే వల్లించాను.

ఆదివారం కొడుకు ఇంట్లో ఉన్నాడు. పదకొండు గంటలప్పుడు హాల్లోకి వెళ్ళి, టీవీకి అడ్డంగా నిలబడి ఆ వాక్యం అప్పగించాను. తప్పు లేకుండా వచ్చింది. కోడలు ఉలిక్కిపడింది. కొడుకు మాత్రం తడుముకోకుండా తమిళంలో గడగడా ఏదో చెప్పుకుపోయాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. వాక్యం ఒక్కటే నేర్చుకుంటే అడగడం వస్తుంది గానీ జవాబు వినడం రాదని అప్పుడు గానీ తట్టలేదు. ఆయనకు ఆ సంగతి ముందే తెలుసు. కావాలనే ఇంకా వేగంగా మాట్లాడాడు.

"బాబూ," అన్నాను, "మీకు తెలుగొచ్చని నాకు తెలుసు. తెలుగులో సెప్పండి. వెయ్యి ఇస్తారా, ఇవ్వరా?"

ఆయన నా కళ్ళలోకి చూశాడు. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"తెలుంగు తెరియాదు మా," అన్నాడు.

కోడలు టీవీ వైపు తల తిప్పుకుంది. గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద పెద్దావిడ కనబడుతోంది. ఆమె కళ్ళు మా వైపే ఉన్నాయి.

"పెద్దమ్మా, మీరు సెప్పండి," అన్నాను. "మొన్న నాతో మాటాడినారు కదా. తెలుగే కదా అది?"

ఆమె కొడుకు వైపు చూసింది. తరవాత కళ్ళు మూసుకుంది.

"ఎనక్కు ఒణ్ణుం తెరియాదు," అంది. నాకేమీ తెలియదని. ఆ మాత్రం తమిళం అప్పటికి నాకు అర్థమైంది.

నేను లోపలికి వెళ్ళి ఆమె డైపర్ మార్చాను. పుండు కడిగి మందు పెట్టాను. పక్కకు తిప్పి, వీపు వెనక దిండు సర్దాను. ఆమె మొహం చూడలేదు. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, బాల్కనీలోని నా పళ్ళెం, గ్లాసు వాళ్ళవే కాబట్టి అక్కడే వదిలి, అన్నం డబ్బా తీసుకుని మెట్లు దిగాను. ఎవరూ పిలవలేదు.

పన్నెండు రోజుల కూలి రావాలి. ఆధార్ కార్డు ఏజెన్సీలోనే ఉంది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మెట్ల మీది స్నేహితురాలికి చెప్పలేక చెప్పలేక, ఖాళీ పర్సు తెరిచి చూపించి, కార్డు ఆకారం గీసి చూపిస్తే, ఆమె ఒక పూట సెలవు పెట్టి నాతో చింతాద్రిపేట వచ్చింది. నన్ను చూడగానే ఏజెన్సీ అక్క నోరు తెరిచింది. నేను అంతకంటే పెద్దగా తెరిచాను. మా యాసలో, మా ఊరి కుళాయి దగ్గర తిట్టే తిట్లన్నీ తిట్టాను. నా స్నేహితురాలు తమిళంలో అందుకుంది. ఒకరు ఏమంటున్నారో ఇంకొకరికి తెలియదు, అయినా ఎక్కడా తగ్గలేదు. కింది కొట్టువాళ్ళు మెట్లెక్కి చూడడానికి వచ్చారు. పని కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డారు. వాళ్ళకు వినబడడమే ఏజెన్సీ అక్కకు ఇష్టం లేకపోయింది. కార్డు విసిరింది. తొమ్మిది రోజుల డబ్బు ఇచ్చింది. మిగతా మూడు రోజులు ఏదో ఫీజు అంది. అవి వదిలేశాను. ఆ డబ్బు నోట్ల మీద ఆవిడ పూసుకున్న సెంటు వాసన రెండు రోజులు పోలేదు.

ఇరవై రోజులయ్యాక, విల్లివాక్కంలో ఇంకో ఇంటి పని దాదాపు ఖాయమవుతుండగా ఫోన్ వచ్చింది. కోడలు. నెల్లూరు వైపు మాట్లాడే తెలుగు, కమ్మగా, తడబాటు లేకుండా.

"బాగుండావా మా? అత్త అన్నం తినడం లేదు. రెండు ఆయాలు మారినారు, ఎవర్నీ దగ్గరికి రానియ్యదు. నీ పేరే చెప్తా ఉండాది. పుండు ఇంకా పెద్దదై పోయినాది. నువ్వు వచ్చేయి మా. మా వల్ల కాలా."

ఈసారి నేను నోరు మూసుకుని ఉన్నాను. మూసుకున్నకొద్దీ ఆమె ఇంకా చెప్పుకుపోయింది. వాసన భరించలేకపోతున్నామని, వాళ్ళాయన రోజూ విసుక్కుంటున్నాడని, వచ్చే నెల ఇంట్లో శుభకార్యం ఉందని. ఆమె అవసరం మొత్తం నాకు మా భాషలో వినబడుతోంది. ఇలాగే కదా వీళ్ళు ఆ రోజు నా మాటలు విన్నారు అనుకున్నాను. చెయ్యకూడదని తెలిసి కూడా అదే పని నేనూ చేశాను.

"వెయ్యి," అన్నాను.

"సరే మా."

అంత త్వరగా సరే అనేసరికి ఆగాను. "ఏ రోజుది ఆ రోజు నా చేతికే. ఆదివారం సెలవు. డైపర్లు లెక్క ఉండకూడదు. ఎన్ని కావలిస్తే అన్ని."

డైపర్ల మాట దగ్గర ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. అప్పుడు కూడా. తరవాత ఒప్పుకుంది.

వెళ్ళాను. మా ఆయనకు ఇంకా పని దొరకలేదు కాబట్టి వెళ్ళాను. పుండు నా వేలి కణుపంత లోతైంది. దాన్ని మాన్పడానికి రెండు నెలలు పట్టింది.

ఈసారి ఆ ఇంట్లో అందరికీ తెలుగు వచ్చేసింది. కొడుకు షాపుకు వెళ్తూ "తింటివా మా" అని అడిగేవాడు. ఆ ఆదివారం హాల్లో నేను వెయ్యి అడిగితే తెలుగు తెలియదన్న నోరే అది. కోడలు కూరగాయలు తరుగుతూ కబుర్లు చెప్పేది. "మనమూ మనమూ తెలుగోళ్ళం గదా" అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ నా ఒంటి మీద బల్లి పాకినట్టు ఉండేది. నా పళ్ళెం, గ్లాసు మాత్రం బాల్కనీలో చీపురు పక్కనే ఉన్నాయి. నేను వాటిని ముట్టలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా కింద మెట్ల మీద, స్నేహితురాలి పక్కన కూర్చుని తినేదాన్ని.

పెద్దావిడ పగలంతా మాట్లాడేది. వాళ్ళ నాయన ప్యారీస్ వైపు నడిపిన బట్టల కొట్టు గురించి, చిన్నప్పుడు ఆడిన వామనగుంటల గురించి. నేను పని వరకే జవాబు చెప్పేదాన్ని. ఒకరోజు అడిగింది.

"నా మీద కోపమా పాపా?"

"లేదండి. ఇటు తిరగండి," అని పక్కకు తిప్పాను.

కోపం నిజంగానే లేదు. కోపమైతే ఏదో ఒకనాటికి చల్లారుతుంది. ఆమె మాట్లాడుతుంటే నాకు కళ్ళు మూసుకుని ఒణ్ణుం తెరియాదు అన్న మొహమే కనబడేది. ఆ మొహాన్ని రోజూ తుడిచేదాన్ని, మెడ కింద పౌడరు రాసేదాన్ని, గంజి తాగిస్తూ మూతి ఒత్తేదాన్ని. చేతులు చేసే పనిలో ఎక్కడా లోటు చెయ్యలేదు.

ఏడు నెలల తరవాత ఒక పొద్దున నేను వెళ్ళేసరికి ఆమె పోయి ఉంది. తెల్లారి ఎప్పుడో పోయిందట. బంధువుల ఆడవాళ్ళు గుమ్మం దగ్గర ముక్కుకు చీర కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. శుభ్రం చెయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. నేనే చేశాను. నీళ్ళు పోశాను, కొత్త చీర చుట్టాను, తల దువ్వాను. పుండు మానిన చోట చర్మం నున్నగా, గులాబి రంగులో ఉంది.

మధ్యాహ్నం తీసుకెళ్ళిపోయాక ఇల్లంతా కడిగి, చివరికి బకెట్లు కడుగుతుంటే కొడుకు శ్మశానం నుంచి తిరిగొచ్చాడు. గుండు చేయించుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చిన మాట నిజమే. చేతిలో డబ్బు ఉంది.

"వచ్చి, ఈ దినం పెద్దగా పనేం లేదు గదా మా," అన్నాడు తెలుగులో, మెల్లగా. "సగం లెక్క వేసుకుందామా?"

ఆయన వెనక వసారాలో బంధువులున్నారు. నేను బకెట్ బోర్లించాను.

"నీళ్ళు పోసింది నేను," అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి మొత్తం ఇచ్చాడు. నేను చెప్పులేసుకుని కిందికి దిగి, నా స్నేహితురాలికి చెప్పి, అంబత్తూరు రైలెక్కాను. పగటిపూట రైలు ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూర్చున్నాను గానీ, ఎదురు సీటావిడ తెలుగులో ఫోన్ మాట్లాడుతోందని తెలిసి లేచి ఇంకో చోటికి మారాను.